గేటు దగ్గర అంటించే కాగితం గురించి ఒక యువ రచయిత్రికి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరం చేరింది. మందుల ఫ్యాక్టరీలో హెచ్‌ఆర్ విభాగంలో చేరావని, నోటీసులు, సర్క్యులర్లు తెలుగులో రాసే పని నీకు అప్పగించారని, కథలు రాసే చేత్తో ఇవేమిటా అని మనసులో కాస్త వెలితిగా ఉందని రాశావు. దానికి తోడు, మామూలు మాటల్లో నువ్వు రాసిచ్చిన మొదటి నోటీసును మీ మేనేజరు గారు "ఆఫీసు భాషలా లేదు, హుందాతనం తగ్గింది" అంటూ తిప్పి పంపారన్నావు. వెలితి సంగతి ముందే తేల్చేస్తాను. కథ నచ్చని పాఠకుడు పుస్తకం మూసి పక్కన పెడతాడు, అతనికి పోయేదేమీ ఉండదు. నోటీసు అర్థం కాని కార్మికుడికి ఒక రోజు జీతం పోతుంది, యంత్రం దగ్గర పెట్టిన నోటీసైతే వేలే పోవచ్చు. అంత బరువున్న రాతను చిన్న పని అనుకోకు. హుందాతనం సంగతికి మాత్రం కాస్త ఎక్కువ చోటు కావాలి.

మీ నోటీసు బోర్డు ముందు ఎవరెవరు నిలబడతారో ఒక్కసారి తలుచుకో అమ్మా. ఎమ్మెస్సీ చదివిన కెమిస్టు, ఐటీఐ చేసిన ఆపరేటరు, ఐదో తరగతితో చదువు ఆగిపోయిన క్యాంటీన్ మనిషి, ఒడిశా నుంచో బిహార్ నుంచో వచ్చి తెలుగు బాగానే మాట్లాడుతున్నా అక్షరాలు ఇంకా కూడబలుక్కునే కాంట్రాక్టు కార్మికుడు, అందరూ ఆ ఒక్క కాగితం దగ్గరికే వస్తారు. క్యాంటీన్ మనిషికి అర్థమయ్యేలా రాస్తే కెమిస్టుకు వచ్చే నష్టం ఏమీ లేదు. కెమిస్టుకు మాత్రమే అర్థమయ్యేలా రాస్తే తక్కినవారంతా ఎవరినో ఒకరిని అడిగి తెలుసుకోవాలి, అడగడానికి మొహమాటపడేవారు తెలుసుకోకుండానే ఉండిపోతారు. ఈ సంగతి మన చట్టాలకు ఎప్పుడో తెలుసు. 1946లో వచ్చిన స్టాండింగ్ ఆర్డర్ల (ఫ్యాక్టరీలో పని నియమాల) చట్టం, 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోని 108వ సెక్షన్ రెండూ, 2025లో వాటి స్థానంలోకి కొత్త కార్మిక చట్టాలు వచ్చేదాకా, కార్మికుల కోసం పెట్టే కాగితం ఇంగ్లీషుతో పాటు వారిలో ఎక్కువమందికి అర్థమయ్యే భాషలోనూ ఉండాలని, గేటు దగ్గర అందరి కంటా పడేలా పెట్టాలని చెబుతూ వచ్చాయి. అయితే చట్టం ఏ భాషో చెప్పి ఊరుకుంది, వాక్యం ఎలా ఉండాలో చెప్పలేదు. 1966లో మనం అధికార భాషా చట్టం చేసుకున్నాం, 1974లో అధికార భాషా సంఘం పెట్టుకున్నాం. ఆఫీసుల్లోకి తెలుగు వచ్చింది గానీ, చాలాచోట్ల ఇంగ్లీషు ఫైలును మక్కికి మక్కి దించిన తెలుగే వచ్చింది.

అటువంటి తెలుగు ఎలా ఉంటుందో నీకు కొత్తగా చెప్పనక్కర్లేదు. అయినా ఒక నమూనా ముందు పెట్టుకుంటే మాట్లాడుకోవడం తేలిక. "సంస్థయందు పనిచేయుచున్న సమస్త సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, ముందస్తు అనుమతి పొందకుండా విధులకు గైర్హాజరగు వారి గైర్హాజరు కాలము వేతనరహిత సెలవుగా పరిగణింపబడి, తదుపరి తగు చర్యలు గైకొనబడును." చదవడానికి గంభీరంగానే ఉంది. ఇప్పుడు దీన్ని రేపు జ్వరం వచ్చి పనికి రాలేని ఆపరేటరు కళ్ళతో చదువు. అనుమతి ఎవరిని అడగాలి? ఎప్పటిలోగా అడగాలి? ఫోన్ చేస్తే చాలా, కాగితం రాసివ్వాలా? రాత్రికి రాత్రి జ్వరం వస్తే ముందస్తు అనుమతి ఎక్కడినుంచి తేవాలి? తగు చర్య అంటే ఒక రోజు జీతం కోతా, ఉద్యోగమే ఊడటమా? అతనికి కావలసిన ఒక్క జవాబూ అందులో లేదు.

దాన్నే నేనైతే ఇలా రాస్తాను. "సెలవు కావలసినవారు ముందురోజు సాయంత్రం 5 గంటలలోపు మీ షిఫ్ట్ సూపర్‌వైజర్‌కు చెప్పండి. ఒంట్లో బాగోలేక అప్పటికప్పుడు రాలేకపోతే, షిఫ్ట్ మొదలయ్యేలోపు సూపర్‌వైజర్‌కు ఫోన్ చేయండి. ఏమీ చెప్పకుండా మానేస్తే ఆ రోజు జీతం ఇవ్వం. ఒకే నెలలో మూడుసార్లు అలా చేస్తే హెచ్‌ఆర్ నుంచి వివరణ అడుగుతూ లెటర్ వస్తుంది." మాటలు మార్చడం ఇందులో చిన్న పనేనని గమనించు. సాయంత్రం ఐదు, సూపర్‌వైజరు, ఫోను, మూడుసార్లు అనే సంగతులు పాత నోటీసులో లేనే లేవు, వాటిని నేను నమూనా కోసం నింపాను. నీ విషయంలో ఎవరో ఒకరు చెబితే గానీ రాయలేవు. అడగడానికి వెళితే చాలాసార్లు తేలేది ఏమిటంటే, అసలు ఆ సంగతి ఎవరూ నిర్ణయించలేదని. మసకగా ఉన్న వాక్యం వెనక తరచుగా తేల్చని నిర్ణయం దాక్కుని ఉంటుంది, "గైకొనబడును" అన్న క్రియ దానికి మంచి మరుగు. ఎవరు తీసుకుంటారో, ఏం తీసుకుంటారో చెప్పకపోతే ఎవరైనా ఏదైనా తీసుకునే వీలు పైవారి చేతిలో మిగులుతుంది, కింద ఉన్నవారికి భయం మాత్రం మిగులుతుంది. అందుకే తేటగా రాయడం మొదలుపెట్టిన మనిషి ఆఫీసులో కొందరికి ఇబ్బందిగా తోస్తుంది. నీ నోటీసు తిరిగి రావడానికి హుందాతనం ఒక్కటే కారణం కాకపోవచ్చు.

హుందాతనం అనగానే నాకు గిడుగు రామమూర్తి పంతులు గారు గుర్తుకొస్తారు. ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటాం, ఆ రోజు ఆఫీసుల్లో ఆయన పటానికి దండ వేస్తాం, మర్నాడు మళ్ళీ "తెలియజేయడమైనది" అని సర్క్యులర్ పంపుతాం. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ ఆయన సవర గిరిజనుల భాష నేర్చుకున్నారు, సవర పిల్లల కోసం వారి భాషలోనే పాఠాలు రాశారు, 1919లో "తెలుగు" అనే పత్రిక నడిపి వాడుక భాష కోసం వాదించారు. ఆయన కోరింది నోటికొచ్చినట్టు రాయమని కాదు. చదువుకున్నవారు నలుగురిలో మాట్లాడే మర్యాదైన తెలుగును, శిష్ట వ్యావహారికాన్ని, రాతలోకి రానిమ్మన్నారు. పుస్తకాలు ఆ మాట విన్నాయి, పత్రికలు విన్నాయి, నోటీసు బోర్డు ఇంకా వినాల్సి ఉంది. కాబట్టి "మామూలు మాటల్లో రాస్తే మర్యాద ఉండదు" అనేవారికి నువ్వు భయపడనక్కర్లేదు. మర్యాద "చెప్పండి", "రండి", "మీరు" అన్న మాటల్లో ఉంది. "హాజరు కావలెను" అన్నదాంట్లో ఆజ్ఞ తప్ప మర్యాద ఎక్కడుంది? పైగా "మీరు" అన్న మాట ఇంకో మేలు కూడా చేస్తుంది. "ఉద్యోగి ఆలస్యంగా వచ్చినచో అతడు" అని రాసినప్పుడల్లా మీ ప్యాకింగ్ విభాగంలోని ఆడవాళ్ళందరినీ లెక్కలోంచి తీసేస్తున్నాం. "మీరు ఆలస్యంగా వస్తే" అంటే ఆడా మగా, పెద్దా చిన్నా అందరూ అందులోకి వచ్చేస్తారు.

మాటల ఎంపిక గురించి అడిగావు. అక్కడ పెద్ద చిక్కేమీ లేదు, షాపుఫ్లోర్‌లో ఏ మాట వాడుతున్నారో అదే రాయి. షిఫ్ట్, ఓటీ, పీఎఫ్, గేట్‌పాస్ అందరికీ తెలిసిన మాటలు, వాటిని భవిష్యనిధి అనీ ప్రవేశపత్రం అనీ మార్చి తెలుగును ఉద్ధరించే పని పెట్టుకోకు. అసలు గోల తేదీలతో, వేళలతో వస్తుంది. "15వ తేదీ రాత్రి షిఫ్ట్‌వారికి బస్సు ఉండదు" అని రాశావనుకో. రాత్రి పదింటికి పనిలోకి వెళ్ళి పొద్దున ఆరింటికి బయటికి వచ్చే మనిషికి 15 అంటే వెళ్ళే బస్సా, వచ్చే బస్సా? "15వ తేదీ సోమవారం రాత్రి 10 గంటల షిఫ్ట్‌కు వచ్చేటప్పుడు బస్సు ఉండదు, 16వ తేదీ మంగళవారం పొద్దున 6 గంటలకు ఇంటికి వెళ్ళేటప్పుడు ఎప్పటిలాగే ఉంటుంది" అని రాస్తే వాక్యం రెండింతలైంది, నిజమే. కానీ తేటగా రాయడమంటే పొట్టిగా రాయడమే అనుకునేవారితో నాకు ఎప్పుడూ పేచీయే. "వచ్చే వారం", "త్వరలో", "అర్ధరాత్రి 12" అన్నవాటి జోలికి మాత్రం అస్సలు పోకు.

రాశాక బోర్డుకు అంటించే ముందు ఒక్కరికైనా చదివించు, కుదిరితే గేటు దగ్గరి సెక్యూరిటీ ఆయనకు. "అర్థమైందా?" అని మాత్రం అడగవద్దు. మన దగ్గర ఆ ప్రశ్నకు అందరూ తల ఊపుతారు, అర్థం కాలేదని చెప్పడం మనకు నామోషీ. "ఇది చదివారు కదా, రేపు ఏం చేస్తారు?" అని అడుగు. ఆయన చెప్పేది నువ్వు అనుకున్నదానికి భిన్నంగా ఉంటే, తప్పు వాక్యానిదే. ఆయనకు వివరించి వచ్చేయకుండా, వచ్చి వాక్యం మార్చు.

మీ అకౌంట్స్‌లో చూపు లేని ఉద్యోగి ఒకరున్నారని రాశావు, బాగా గమనించావు. ఆయన ఫోను, కంప్యూటరు తెర మీది అక్షరాలను బయటికి చదివి వినిపిస్తాయి. అయితే డీటీపీవారు అను ఫాంట్లలో కొట్టి పంపే ఫైలు మన కంటికి తెలుగులా కనిపించినా లోపల ఉండేవి అర్థంలేని ఇంగ్లీషు గుర్తులు, యంత్రం వాటినే చదువుతుంది. నోటీసుకు ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టడం ఇంకో అలవాటు, అదీ ఆయనకు చాలాసార్లు ఖాళీ కాగితంతో సమానం. ఫోనూ కంప్యూటరూ తెలుగుగానే గుర్తుపట్టే యూనికోడ్‌లో టైపు చేసి, ఫొటోతో పాటు అక్షరాలను కూడా మెసేజ్‌లో పెట్టు. చదవడం రానివారి కోసం దాన్నే నీ గొంతుతో చదివి వాయిస్ మెసేజ్ పంపు. నిమిషం పని.

మేనేజరు గారితో వాదన పెట్టుకోవద్దు, ఆయన భాషలోనే మాట్లాడు. మందుల ఫ్యాక్టరీలకు ఐఎస్ఓ సర్టిఫికెట్ అంటే గౌరవం కదా. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ అయిన ఆ ఐఎస్ఓయే 2023లో తేటభాషకు 24495 అనే నంబరుతో ఒక ప్రమాణం తెచ్చింది. చదివేవారికి కావలసింది అందులో దొరకాలి, దొరికింది అర్థం కావాలి, అర్థమైంది పనికి రావాలి అన్నది దాని సారం. చట్టం మాటలు తప్పనిసరిగా ఉండాలని ఆయన పట్టుబడితే ఉండనివ్వు, కింద చిన్న అక్షరాల్లో మొత్తం పెట్టు. పైన పెద్ద అక్షరాల్లో మనుషులకు చెప్పవలసింది చెప్పు.

ఇక నీ చేతిలో ఇప్పుడున్న పని, లైంగిక వేధింపుల మీద ఫిర్యాదుల కమిటీ నోటీసు. 2013 చట్టం ప్రకారం దాన్ని అందరికీ కనిపించేచోట పెట్టి తీరాలి, అందువల్ల చాలామంది చట్టం పాఠాన్నే అచ్చుకొట్టి పెట్టేసి చేతులు దులుపుకుంటారు. ఆ కాగితం చదివే మనిషి అప్పటికే భయపడుతూ ఉంటుంది, బోర్డు ముందు ఎక్కువసేపు నిలబడలేదు. కాబట్టి మొదటి వరుసలోనే కమిటీ సభ్యుల పేర్లు, ఫోన్ నంబర్లు రాయి. సంఘటన జరిగిన మూడు నెలలలోపు ఫిర్యాదు ఇవ్వాలని, తగిన కారణం ఉంటే కమిటీ ఇంకో మూడు నెలలు గడువు పెంచగలదని రాయి. ఫిర్యాదు రాతలోనే ఉండాలి, కానీ రాయలేనివారికి రాయడంలో కమిటీవారే సాయం చేయాలని అదే చట్టం చెప్పింది. నేను చూసిన నోటీసుల్లో ఈ ముక్క దాదాపు కనబడలేదు, మీ క్యాంటీన్‌లో పనిచేసే ఆవిడకు అన్నింటికన్నా కావలసిన ముక్క ఇదే. ఫిర్యాదు చేసినవారి పేరు బయటపెట్టకూడదని చట్టం చెప్పిందని కూడా రాయి. గేటు దగ్గర ఒకటి పెట్టాక, ఎవరి కంటా పడకుండా నింపాదిగా చదువుకునేలా ఆడవాళ్ళ విశ్రాంతి గదిలో తలుపు లోపలివైపున ఇంకొకటి అంటించు. కమిటీలో మనిషి మారితే ఆ రోజే రెండు చోట్లా పేరు, నంబరు మార్చు. చిత్తుప్రతి పూర్తయ్యాక నాకు పంపు, చూస్తాను.

శుభాశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి