మిగిలిన పంటి నొప్పి బిళ్లలు అత్తగారికి ఇవ్వొచ్చా?

ప్రశ్న: పోయిన వారం జ్ఞానదంతం తీయించుకుంటే డాక్టర్ గారు కెటోరాల్ డీటీ (నీళ్లలో కరిగేవి) 10 మి.గ్రా. బిళ్లలు రాశారు. మూడో రోజుకే నొప్పి పోయింది, ఆరు మిగిలాయి. మా అత్తగారికి 68 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. బీపీ మందులు, గుండెకు ఎకోస్ప్రిన్ వాడుతున్నారు. నిన్న అందులో ఒకటి వేసుకుని, "హాయిగా ఉంది, రోజూ ఇదే తెప్పించు" అంటున్నారు. మత్తు మందు కాదు కదా, ఇవ్వొచ్చా?
- ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: వద్దు. ముందు మిగిలిన ఐదూ ఆవిడ చేతికి అందకుండా తీసేయండి.

మత్తు మందు కాదన్నది నిజమే. మార్ఫిన్, ట్రమడాల్ లాగా దీనికి అలవాటు పడిపోతామన్న భయం లేదు. ఇందులో ఉన్న కెటొరొలాక్, నొప్పినీ వాపునీ పెంచే ప్రోస్టాగ్లాండిన్లు శరీరంలో తయారు కాకుండా ఆపుతుంది. చిక్కల్లా ఏమిటంటే, కడుపు లోపలి పొరను కాపాడేదీ, కిడ్నీలకు రక్తం సరిగ్గా అందేలా చూసేదీ కూడా ఆ ప్రోస్టాగ్లాండిన్లే. అందుకే ఆపరేషన్ తర్వాతో, పన్ను తీశాకో నాలుగు రోజులు వాడి ఆపేయాల్సిన మందు ఇది. ఇంజెక్షన్, బిళ్లలు అన్నీ కలిపి 5 రోజులు దాటకూడదు. మోకాళ్ల నొప్పి 5 రోజుల్లో పోయేదా చెప్పండి!

పైగా మీ అత్తగారి విషయంలో ప్రమాదం ఇంకా ఎక్కువ. 65 దాటితే కడుపులో పుండ్లు పడి రక్తం కారే అవకాశం పెరుగుతుంది. ఎకోస్ప్రిన్ అంటే ఆస్పిరిన్, దానితో కలిపి కెటొరొలాక్ అసలు వాడకూడదు. అలాగని ఎకోస్ప్రిన్ మానేయకండి, అది గుండె డాక్టర్ చెప్పాల్సిన మాట. బీపీ మందుల్లో కొన్నిటితో కలిస్తే కిడ్నీల మీద భారం పడుతుంది. గ్యాస్ బిళ్ల వేసుకుంటే సరిపోదా అంటారేమో, అది కడుపుకి కొంత సాయం చేస్తుంది కానీ కిడ్నీలను కాపాడదు.

వేసుకున్నది ఒకటే కాబట్టి కంగారు పడకండి. మలం తారులా నల్లగా వచ్చినా, వాంతిలో రక్తం పడినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. మూత్రం తగ్గినా, కాళ్లు వాచినా అంతే.

మోకాళ్లకు పారాసెటమాల్ ఎంత వాడొచ్చో, పైన రాసే జెల్ ఆవిడకి పనికొస్తుందో లేదో ఆవిడ మందుల చీటీ చూపించి డాక్టర్‌ని అడగండి. తొడ కండరాలకు బలం వచ్చే వ్యాయామాలు ఫిజియోథెరపిస్ట్ దగ్గర నేర్చుకుంటే మేలు. మెడికల్ షాపులో కత్తిరించి ఇచ్చే స్ట్రిప్పు ముక్క మీద ఒక్కోసారి మందు పేరు కూడా ఉండదు, అది చూపించి "ఇదే ఇవ్వండి" అని మాత్రం తెచ్చుకోకండి. నీళ్లలో కరిగే బిళ్లే కదా, ఏం చేస్తుందిలే అని అత్తగారు అనొచ్చు. కరిగినా అదే 10 మి.గ్రా. మందు.