ఐడిలింగ్ ఊగుతోందా? కార్బరేటర్ జోలికెళ్ళే ముందు రబ్బరు పైపులు చూడండి

ప్రశ్న: సార్, మాది 1998 జెన్, కార్బరేటర్ మోడల్. అనంతపురంలో నాన్న వాడేవారు, ఇప్పుడు బెంగళూరులో నా దగ్గరుంది. రోడ్డు మీద బానే పోతుంది కానీ టిన్ ఫ్యాక్టరీ సిగ్నల్లో ఆగితే చాలు ఐడిలింగ్ పైకీ కిందకీ ఊగుతుంది, ఒక్కోసారి ఆఫ్ అయిపోతుంది. బానెట్ ఎత్తితే ఎక్కడో సన్నగా బుస్సుమని శబ్దం. మెకానిక్ స్క్రూ తిప్పి ఐడిలింగ్ పెంచాడు, కొన్నాళ్ళకి మళ్ళీ అదే కథ, ఇప్పుడేమో కార్బరేటరే మార్చాలంటున్నాడు. వాక్యూమ్ పైపులన్నీ గట్టిపడి పగుళ్ళిచ్చాయి. ముందు అవి మార్చాలా? నేనే ఇంట్లో మార్చుకోవచ్చా?
– ఒక పాఠకుడు, మారతహళ్ళి

జవాబు: ముందు పైపులే మార్చండి. అవి మార్చేదాకా కార్బరేటర్ (గాలి, పెట్రోల్ కలిపి ఇంజన్‌కి పంపే భాగం) మీద ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వకండి. ఇంజన్ నడుస్తున్నంతసేపూ గాలిని లోపలికి లాగుతూనే ఉంటుంది కదా, పైపు పగిలితే ఆ సందులోంచి కార్బరేటర్‌కి తెలియకుండానే గాలి దూరిపోతుంది, పెట్రోల్ మాత్రం పాత లెక్కలోనే వస్తుంది, దాంతో మిక్స్చర్ పల్చబడి మిస్సింగ్ (మధ్యమధ్యలో పెట్రోల్ అంటుకోకపోవడం) మొదలవుతుంది. ఐడిలింగ్‌లో థ్రాటిల్ (గాలి దారిలో ఉండే మూత) దాదాపు మూసుకుని ఉంటుంది కాబట్టి వాక్యూమ్, అంటే గాలిని లాగే బలం, బాగా ఎక్కువ, అందుకే రోడ్డు మీద తెలియని లీకు సిగ్నల్లో బయటపడుతుంది. స్క్రూ తిప్పితే లీకు పోదు, కాసేపు కనబడకుండా ఉంటుందంతే. పైగా మిస్సింగ్ వల్ల కాలని పెట్రోల్ పొగలో పోతుంది, ఎమిషన్ టెస్టులో హెచ్‌సీ (హైడ్రోకార్బన్లు) పెరుగుతుంది, మీ బండికి 15 ఏళ్ళు ఎప్పుడో దాటాయి కాబట్టి ఆర్‌సీ రెన్యువల్ అప్పుడు ఇది పెద్ద తలనొప్పే.

లీకు ఏ లైన్లో ఉందో తెలుసుకోవాలంటే ఐడిలింగ్‌లో ఉంచి, ఒక్కో పైపునీ మానిఫోల్డ్ (ఇంజన్ లోపలికి గాలి తీసుకెళ్ళే గొట్టాల భాగం) దగ్గర గుడ్డ అడ్డం పెట్టి నోస్ ప్లయర్‌తో మెల్లగా నొక్కండి. ఏది నొక్కినప్పుడు ఇంజన్ కుదుటపడిందో లీకు అందులోనే. కొందరు కార్బ్ క్లీనర్ స్ప్రే కొట్టి చూస్తారు, వేడి ఇంజన్ మీద అది నిప్పుతో చెలగాటం, దయచేసి వద్దు. వాక్యూమ్ గేజ్ ఉన్న షెడ్డుకి వెళ్తే ఒక విషయం గుర్తుంచుకోండి. మామూలుగా చెప్పే 17 నుంచి 21 అంగుళాల (పాదరసం లెక్కలో) రీడింగ్ సముద్రమట్టం లెక్క, బెంగళూరు దాదాపు 3000 అడుగుల ఎత్తులో ఉంది, ప్రతి 1000 అడుగులకీ సుమారు ఒక అంగుళం తగ్గుతుంది, అంటే చెన్నైలో 18 చూపించే ఇంజనే ఇక్కడ 15 చూపిస్తుంది. అది చూసి ఇంజన్ పోయిందని ఎవరైనా అంటే కంగారుపడకండి, ముల్లు ఊగకుండా నిలబడుతోందా లేదా అన్నదే ముఖ్యం.

మార్చడం మీరే చేసుకోవచ్చు, ఇంజన్ పూర్తిగా చల్లారాక. ముందు ఫోన్‌తో అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీసుకోండి, తర్వాత ఒకటి తీసి ఒకటి పెట్టండి, అన్నీ ఒకేసారి పీకారంటే ఏది ఎక్కడిదో తెలియక చుక్కలు కనిపిస్తాయి. పాత పైపుని బలంగా లాగొద్దు, ఇన్నేళ్ళ వేడికి ప్లాస్టిక్ నిపిళ్ళు (పైపు తొడిగే మూతులు) పెళుసుబారి ఉంటాయి, టక్కున విరిగితే ఆ పార్టు దొరకడం కష్టం. బ్లేడుతో పైపుని పొడవునా పైపైన చీరి విప్పేయండి. తీసిన పైపుని పారేసే ముందు వేళ్ళతో నలిపి చూడండి, కొన్ని లైన్లలో మిరియపు గింజంత జెట్ దాగి ఉంటుంది, నడుమ సన్న చిల్లు ఉంటుంది, గాలి ఎంత వెళ్ళాలో అదే నిర్ణయిస్తుంది. దాన్ని కొత్త పైపులోకి మార్చకపోతే ఇంత కష్టపడ్డాకా బండి సరిగ్గా నడవదు. రెండు వైపులా రెండు రంగులున్న చిన్న వాల్వు కనిపిస్తే ఏ రంగు ఎటుందో కూడా ఫొటో తీయండి.

కొనడానికి జేసీ రోడ్డుకి వెళ్ళేటప్పుడు పాత ముక్కలు పట్టుకెళ్ళండి. సైజు అంటే లోపలి చిల్లు సైజు, బయటి లావు కాదు. అది కూడా పైపు మధ్యలో కోసి కొలవాలి, చివర్లు ఏళ్ళ తరబడి నిపిల్ మీద ఉండి సాగిపోయి ఉంటాయి కాబట్టి అక్కడ కొలిస్తే వదులు పైపు వస్తుంది. రంగురంగుల సిలికాన్ పైపులు చూపిస్తారు, వేడికి బాగా తట్టుకుంటాయి, మామూలు వాక్యూమ్ లైన్లకి హాయిగా వేసుకోవచ్చు. కానీ పీసీవీ లైనుకీ (ఇంజన్ అడుగు భాగంలోని ఆయిల్ ఆవిరిని మళ్ళీ ఇంజన్‌లోకి పంపేది), పెట్రోల్ ఆవిరి పోయే లైన్లకీ మాత్రం వద్దు, ఆయిల్‌కీ పెట్రోల్‌కీ సిలికాన్ ఉబ్బి మెత్తబడుతుంది, వాటికి ఆయిల్, పెట్రోల్ తట్టుకునే రబ్బరు హోసే అడగండి. డిస్ట్రిబ్యూటర్‌కి (స్పార్క్ ప్లగ్గులకి కరెంటు పంచే భాగం) వెళ్ళే పైపు కొత్తది వేసేటప్పుడు రెండో కొసని నోటితో పీల్చి నాలుకతో మూయండి, పట్టు నిలిస్తే లోపలి డయాఫ్రమ్ (పల్చటి పొర) బాగున్నట్టు, వదిలేస్తే అదీ పోయినట్టే. ఇవన్నీ అయ్యాక ఐడిలింగ్ మళ్ళీ సెట్ చేయించండి, పాత స్క్రూ సెట్టింగ్ లీకుకి సర్ది పెట్టింది కదా.

ప్రశ్న: మా 2003 శాంట్రోకి కొన్నాళ్ళుగా బ్రేక్ పెడల్ రాయిలా గట్టిగా ఉంటోంది. ఇది కూడా వాక్యూమ్ సమస్యేనా?
– ఒక పాఠకురాలు, కేఆర్ పురం

జవాబు: చాలావరకు అదేనమ్మా. ఇంజన్ ఆపి పెడల్ నాలుగైదుసార్లు తొక్కండి, గట్టిపడ్డాక కాలు అలాగే నొక్కి ఉంచి స్టార్ట్ చేయండి. పెడల్ కాస్త కిందకి దిగితే బూస్టర్‌కి (వాక్యూమ్‌తో మీ కాలి బలాన్ని పెంచే భాగం) వాక్యూమ్ అందుతున్నట్టు. దిగలేదంటే మానిఫోల్డ్ నుంచి బూస్టర్‌కి వెళ్ళే లావు పైపు, దాంట్లోని వన్ వే వాల్వు, ఆ తర్వాత బూస్టర్, ఈ వరుసలో చూపించండి. ఆ పైపు స్థానంలో దొరికిన మామూలు రబ్బరు పైపు వేస్తామంటే ఒప్పుకోకండి, వాక్యూమ్‌కి అది నొక్కుకుపోతుంది, బ్రేక్ బూస్టర్ కోసం చేసిన మందం హోసే కావాలి, వాల్వు మీద బాణం గుర్తు ఉంటే అది ఇంజన్ వైపు చూడాలి. బూస్టర్ పనిచేయకపోయినా బ్రేకు పడుతుంది, కానీ చాలా బలంగా తొక్కాలి, అందుకని ఇది సరిచేయించేదాకా ఆ బండి బయటికి తీయకండి.