పడుగు అతుక్కుపోవడం: సమాధానం

నడుముకు కట్టే మగ్గం మీద పెరూలోని చించేరో ఊరి తరహా పట్టీ నేస్తుంటే పడుగు (నిలువు పోగులు) పేక దూర్చడానికి తెరుచుకోవట్లేదన్నారు కదా, లోపం మీ చేతిలో లేదండీ, నూలులోనే ఉంది. మీరు వాడే స్వెటర్ల ఉన్నికి పురి (మెలిక) తక్కువ. ఈ పెరూ నేతలో పైకి కనిపించేదంతా పడుగే. ఒత్తుగా ఉన్న పోగుల నూగు ఒకదాన్నొకటి పట్టేస్తుంది.

1. రెండు పేటల ఉన్ని తీసుకోండి.

2. చాలామంది వదిలేసేది ఇదే: మళ్ళీ కదురుకెక్కించి, పేటలు మెలిపడిన వైపే ఇంకా పురి పెట్టండి. వదులు చేస్తే పోగు తనంతట తానే మెలికపడాలి. అక్కడి ఆడవాళ్ళు నడుస్తూ కూడా ‘పుష్క’ అనే కదురు తిప్పుతూనే ఉంటారు. బేరమాడేవాళ్ళకి ఆ గంటలు కనపడవు లెండి.

3. బిగుతుగా ఉండ చుట్టి రెండు రోజులు ఉంచి, అప్పుడు పడుగు వేయండి.

4. ఇంకా అతుక్కుంటే మొద్దు సూదితో పోగుల మీద గీరండి. వాళ్ళు లామా అనే జంతువు ఎముకతో చేసే పని అదే.