వాల్కిరీకి రెక్కలు వద్దు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ రెండుసార్లు చదివాను. వాక్యం నీకు బాగానే లొంగుతోంది. కానీ యుద్ధభూమి మీదికి పాత స్కాండినేవియా పురాణాల్లోని వాల్కిరీ దిగే చోట తెల్లటి రెక్కలు, మెరిసే ఒళ్లు, జాలి చూపు పెట్టావు. ఆ పేరు కొట్టేసి రంభ అని రాసుకున్నా పేరాలో తేడా రాదు. మన వీరగల్లుల మీద, చనిపోయిన వీరుణ్ణి అప్సరసలు పైకి తీసుకెళ్తుంటారు కదా, ఆ బొమ్మే నీ మనసులో ఉన్నట్టుంది. అది మనది. వాల్కిరీ వేరమ్మా. ఆ మాటకు అర్థమే యుద్ధంలో కూలేవాళ్లను ఏరుకునేది అని. ఎవరు చావాలో, గెలుపు ఎవరిదో ముందే తేల్చేస్తుంది.

ఐస్‌లాండ్ వాళ్ల పాత గాథ న్యాల్ సాగా చివర్లో ఒక ఘట్టం ఉంది. 1014లో డబ్లిన్ దగ్గర క్లాంటార్ఫ్ యుద్ధం. ఆ గుడ్ ఫ్రైడే పొద్దున, స్కాట్లాండ్ ఉత్తర కొసన కేత్‌నెస్‌లో, పన్నెండు మంది గుర్రాల మీద వచ్చి ఒక ఇంట్లోకి వెళ్లడం ఒకతను చూస్తాడు. కిటికీలోంచి తొంగి చూస్తే లోపల ఆడవాళ్లు మగ్గం నేస్తున్నారు. వాళ్లే వాల్కిరీలు. పడుగూ పేకా మనుషుల పేగులు. పడుగు బిగువుగా ఉండడానికి కింద వేలాడదీసిన బరువులు మనుషుల తలలు. పేకను దగ్గరికి కొట్టడానికి కత్తి. నేస్తూ పాడుతున్నారు. పాట అయ్యాక ఆ బట్టను చింపి, ఎవరి ముక్క వాళ్లు పట్టుకుని, ఆరుగురు దక్షిణానికి, ఆరుగురు ఉత్తరానికి గుర్రాలెక్కి వెళ్లిపోయారు.

వాళ్లు అందంగా ఉన్నారా అన్న ఊసే లేదు చూడు. చేతుల్లో ఏముందో చెప్పి ఊరుకున్నాడు కథకుడు. మొదటిసారి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నోర్న్‌లను కూడా "విధి దేవతలు" అని ఒక్క ముక్కలో దాటేశావు. ఊర్ద్, వెర్దాండి, స్కుల్ద్ అనే ముగ్గురు నోర్న్‌లు రోజూ బావిలో నీళ్లు తోడి, చుట్టూ ఉన్న మట్టితో కలిపి, ఇగ్‌డ్రసిల్ అనే మహావృక్షం కొమ్మలు ఎండిపోకుండా, కుళ్లిపోకుండా పోస్తారు. విధి అంటే వాళ్లకు రోజువారీ చాకిరీ. అన్నట్టు, స్కుల్ద్ అన్న మాటకు ఐస్‌లాండ్ భాషలో అప్పు అనే అర్థం కూడా ఉంది. "రుణం తీరిపోయింది" అనుకునే మన పాఠకులకు అది ఇట్టే అందుతుంది. వాడుకో, వివరించకు.

ఇంకొకటి. ఫిల్గ్యా అని, మనిషి వెంటే, వంశం వెంటే ఉండే ఆడరూపం ఒకటుంది. క్రైస్తవం పుచ్చుకున్న హాల్‌ఫ్రెడ్ అనే కవి ఓడలో చావుకు దగ్గరపడ్డాడు. కవచం తొడుక్కున్న భారీ ఆకారపు స్త్రీ ఒకామె నేల మీద నడిచినట్టు అలల మీద నడుస్తూ ఓడ వెనకే వస్తోంది. తన ఫిల్గ్యా అని గుర్తుపట్టాడు. "ఇక నీకూ నాకూ ఏ సంబంధం లేదు" అన్నాడు. అప్పుడామె ఓడలోనే ఉన్న థోర్వాల్డ్ అనే అతన్ని అడిగింది, నన్ను తీసుకుంటావా అని. వద్దన్నాడు. హాల్‌ఫ్రెడ్ కొడుకు మాత్రం "నేను తీసుకుంటాను" అన్నాడు. ఆమె మాయమైపోయింది. ఏడుపు లేదు, ఉపన్యాసం లేదు. మతం మారుతున్న ఒక కాలమంతా ఆ మూడు మాటల్లో ఉంది.

టెన్షన్ పడకు, కథ మొత్తం తిరగరాయక్కర్లేదు. ఆ ఒక్క పేరా చాలు. రెక్కలు తీసేయ్. గుర్రం దిగగానే ఆమె చేతులు ఏం చేస్తాయో రాసి పంపు. ఎదురుచూస్తుంటాను.