హద్దు ఎవరు చూపిస్తారో ముందు అడుగు, బిడ్డా

బిడ్డా,

నువ్వు ఆసిఫాబాద్ గూడేల్లో అటవీ హక్కుల పనికి పోతున్నావని నిన్న మీ నాన్న ఫోన్ చేశాడు. గర్వంగానే ఉంది, కానీ రాత్రంతా ఒకటే టెన్షన్.

దోమతెర తీసుకుపో. ఊరి సామూహిక అటవీ వనరుల హక్కు అడగడానికి ఫారం-సి అనే దరఖాస్తు, గ్రామసభకు సగం మంది రావాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. ఇవన్నీ నీకు తెలిసినవే.

నాకు భయం నీ తొందర గురించి. అది మన ఇంటి జబ్బు. కొత్తగా ఇరిగేషన్‌లో చేరినప్పుడు మెదక్ దగ్గర ఒక చెరువు నాకు అప్పజెప్పారు. అక్కడ తూము తీసేదీ మూసేదీ నీరడి. తూము రాతి మీద బొగ్గుతో గీతలు గీసి, నీళ్లు ఏ గీత దిగితే ఎవరి వంతో చెప్పేవాడు, ఊరు ఆయనకు వడ్లు కొలిచేది. వానలు తక్కువైన ఆ ఏడు నేను తూముకు తాళం వేయించి, పై మడుల నుంచి కిందికి వరసగా తేదీలు రాసి అంటించాను. "సారూ, కరువేడు ముందు కింది మడులకు పారియ్యాలె, పైవాళ్లకు ఊట ఉంటది" అన్నాడు. రికార్డులో ఎక్కడుంది అని అడిగాను. కింది మడుల్లో పొట్టకొచ్చిన వరి నలభై ఎకరాలు ఎండిపోయింది. ఆయన ఒక్క మాట అనలేదు, కట్టమైసమ్మ గద్దె దగ్గర కూర్చుని ఆ పొలాలకేసి చూస్తూ ఉండిపోయాడు. ఆ చూపు ఇప్పటికీ కళ్లముందే ఉంది.

నా కాగితంలో ఆయన మాటకు చోటు లేదు, నీ కాగితంలో ఉంది తల్లీ. 2006 అటవీ హక్కుల చట్టం ఊరి సంప్రదాయ హద్దునే లెక్కలోకి తీసుకుంటుంది, పెద్దలు చెప్పింది రాసుకుంటే ఆ చట్టం నియమాల్లోని నిబంధన 13 కింద సాక్ష్యమే. అందుకే హద్దు కొలవడానికి జీపీఎస్ ఆన్ చేసే ముందు ముసలివాళ్లతో నడువు, ఇప్పపూలకు పోయే ఆడవాళ్లతో ఇంకా ఎక్కువ నడువు. పక్క ఊరితో హద్దు పేచీ వస్తే రెండు ఊళ్ల అటవీ హక్కుల కమిటీలనూ కలిపి కూర్చోబెట్టు, నువ్వు తీర్పు చెప్పకు. గడువు ముంచుకొచ్చిందని ఎవరన్నా సరే తెల్లకాగితం మీద వేలిముద్రలు మాత్రం తీసుకోవద్దు, తీసుకున్నావని తెలిస్తే నేనే వచ్చి తిడతా.

ఏ బస్సో చెప్పు, జేబీఎస్‌కి వస్తా. పెద్దమ్మ సకినాలు చేస్తోంది.

మీ పెదనాన్న
ఉప్పల్