కాకసస్ కొండల్లోకి ఒంటరిగా వెళ్తున్న మేనకోడలికి

చిరంజీవి అమ్మలూకి,

అత్తయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన ప్లాన్ తీరిగ్గా చదివాను. మూడు వారాల్లో మూడు దేశాలు, ముప్పైకి పైగా గుళ్ళూ మఠాలూ! పొద్దున ఒకటి, మధ్యాహ్నం రెండు, సాయంత్రం ఇంకోటి. మన పక్క బస్సుల్లో తిప్పే తీర్థయాత్రల ప్యాకేజీకీ దీనికీ తేడా ఏముందే? పక్క సీట్లో పులిహోర పొట్లం విప్పే పిన్నిగారు ఉండరు, అంతే. ఆ జాబితాలో సగం కొట్టెయ్. మిగిలినవాటిలో ఓ నాలుగు చోట్ల రాత్రి బస చేసేలా చూసుకో. అక్కడి పెద్ద మఠాలకు టూరిస్టు బస్సులు పొద్దెక్కాక వచ్చి, సాయంత్రం కాకముందే వెళ్ళిపోతాయి. అవి రాకముందు ఒక గంట, పోయాక ఒక గంట. నువ్వు వెళ్ళేది ఆ రెండు గంటల కోసం అనుకో. దగ్గర్లో ఉంటేనే అవి దొరుకుతాయి.

మీ నాన్న సంగతి నాకు వదిలెయ్. ఆ దేశాలు మ్యాపులో ఎక్కడున్నాయో తెలియకే వాడికి సగం భయం. మిగతా సగం ఎలాగూ పోదు.

అజర్‌బైజాన్, జార్జియా, ఆర్మేనియా. ఈ వరసలోనే వెళ్ళు. 2020లో కోవిడ్ పేరుతో మూసిన రోడ్డు సరిహద్దులను అజర్‌బైజాన్ ప్రయాణికులకు మళ్ళీ తెరవలేదు. విమానంలోనే దిగాలి. ఆర్మేనియాతో గొడవల వల్ల ఆ వైపు సరిహద్దు మూసి ముప్పై ఏళ్ళు దాటింది. కాబట్టి ఇక్కడి నుంచి అజర్‌బైజాన్ రాజధాని బాకూ, బాకూ నుంచి జార్జియా రాజధాని టిబిలిసి విమానంలో. టిబిలిసి నుంచి ఆర్మేనియా రాజధాని ఎరెవాన్‌కు రైలుంది, లేదా మర్ష్రుత్కా అని వాళ్ళ షేర్ వ్యాన్లు ఉంటాయి. ఎరెవాన్ నుంచే ఇంటికి వచ్చెయ్. ఆర్మేనియాలో కొన్న జ్ఞాపికలు సంచిలో పెట్టుకుని బాకూ కస్టమ్స్ ముందు నిలబడే టెన్షన్ ఇలా వెళ్తే ఉండదు. వీసాలు ఆ ప్రభుత్వాల సైట్లలోనే తీసుకో, రూల్స్ మారుతుంటాయి గనక టికెట్ కొనే ముందు మళ్ళీ ఒకసారి చూడు. హోటల్, తిరుగు టికెట్, ఇన్సూరెన్స్ కాగితాలు ప్రింట్ తీసి పెట్టుకో. ఎయిర్‌పోర్టులో ఒంటరిగా వచ్చిన మనవాళ్ళను నాలుగు ప్రశ్నలు ఎక్కువే అడుగుతారు. విసుక్కోకుండా జవాబు చెప్పు.

బాకూలో షాపింగ్ వీధులు నీకెందుకు గానీ, ఒక రోజంతా ఊరి శివారు సురాఖానీకి ఇవ్వు. అక్కడ ఆతెష్‌గాహ్ అని అగ్ని ఆలయం ఉంది. అయిదు మూలల ప్రహరీ, దాని పొడుగునా చిన్న చిన్న గదులు, నడి వాకిట్లో నాలుగు వైపులా తెరిచి ఉన్న మండపం, మండపంలో మంట, పైన త్రిశూలం. ముల్తాన్ వైపు నుంచి వ్యాపారానికి వెళ్ళిన మన వర్తకులు 17, 18 శతాబ్దాల్లో కట్టించుకున్నది. గదుల గుమ్మాల మీద రాతి శాసనాలున్నాయి. ఎక్కువ దేవనాగరిలో, కొన్ని గురుముఖిలో, ఒక్కటి పారసీకంలో. గణపతికి నమస్కారంతో మొదలై అగ్నిదేవత జ్వాలాజీని తలచుకునేవి కనిపిస్తాయి. తర్వాత చుట్టుపక్కల చమురూ గ్యాసూ తోడేయడంతో నేలలోంచి దానంతటది వచ్చే మంట ఆరిపోయింది. ఇప్పుడు వెలుగుతున్నది పైపులో వచ్చే గ్యాసు, 1975 నుంచి అది మ్యూజియం. ఈ మాట వినగానే చాలామంది మొహం మాడ్చుకుని, ఫోటో తీసుకుని వెళ్ళిపోతారు. నువ్వు మంటను పక్కన పెట్టి ఆ గదుల్లోకి వెళ్ళు. పంజాబు నుంచి కాస్పియన్ ఒడ్డుకు వచ్చి, మళ్ళీ ఇల్లు చూస్తామో లేదో తెలియకుండా ఆ చలిలో తపస్సు చేసుకున్న సాధువులు అందులో ఉండేవారు. ఒంటరి యాత్ర మనం కొత్తగా కనిపెట్టామనే భ్రమ అక్కడ పోతుంది. నేలలోంచి వచ్చే అసలు మంట చూడాలనుంటే యానార్ దాగ్ అని ఒక కొండ వాలు ఉంది, చీకటి పడ్డాక చూసి వచ్చెయ్.

జార్జియాకు ఎక్కువ రోజులు పెట్టు. ఆ దేశానికి క్రైస్తవం తెచ్చింది 4వ శతాబ్దంలో కప్పదొకియ నుంచి వచ్చిన నీనో అనే ఆవిడ. ద్రాక్ష కొమ్మలను తన జుట్టుతోనే శిలువగా కట్టిందని చెబుతారు, ఆ శిలువ టిబిలిసిలోని సియోనీ కెథెడ్రల్‌లో ఉంది. ఆడపిల్ల అంత దూరం ఎలా వెళ్తుందని మీ నాన్న మళ్ళీ అంటే ఈవిడ పేరే చెప్పబోతున్నాను.

టిబిలిసి నుంచి అందరూ పాత రాజధాని మ్త్స్‌ఖేతాకు పొద్దున వెళ్ళి మధ్యాహ్నానికి తిరిగొస్తారు. నువ్వు అక్కడ రెండు రాత్రులు ఉండు. కొండ మీది జ్వారీ గుడికి తెల్లవారగానే ఎక్కు. కింద అరాగ్వి, మ్త్‌క్వారి నదులు కలిసేచోట రెండు రంగుల నీళ్ళు కొంతదూరం కలవకుండా పారడం కనిపిస్తుంది. సాయంత్రం ఊళ్ళోని స్వెతిత్స్‌ఖోవెలిలో ప్రార్థన వేళకు వెళ్ళు. 11వ శతాబ్దపు కట్టడం, క్రీస్తు వస్త్రం అక్కడే పాతిపెట్టి ఉందని వాళ్ళ నమ్మకం. ఆ పాట కోసమే ఇంత చెబుతున్నాను. వాద్యం ఉండదు, మూడు గొంతులు మూడు దారుల్లో వెళ్ళి ఒకచోట కలుస్తాయి. రికార్డు చెయ్యకు. ఫోన్ తీస్తే నీ చెవులు పనిచెయ్యడం మానేస్తాయి.

టిబిలిసిలో నీ ఊరితో చుట్టరికం ఉన్న మనిషి కథ కూడా ఉంది. తూర్పు జార్జియాలోని కాఖెతీ రాణి కెతెవాన్ మతం మారనన్నందుకు 1624లో షిరాజ్‌లో పారసీక రాజు షా అబ్బాస్ మనుషులు ఆమెను చిత్రహింసలు పెట్టి చంపారు. పోర్చుగీసు సన్యాసులు ఆమె ఎముకల్లో కొన్నిటిని గోవాకు తెచ్చి సెయింట్ అగస్టీన్ చర్చిలో దాచారు. ఆ శిథిలాల్లో దొరికిన ఎముక ఆమెదేనని చెప్పడానికి డీఎన్‌ఏ పరీక్ష చేసింది హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ. నువ్వు రోజూ ఆఫీసుకు పోయే హబ్సిగూడ దారిలోదే! 2021లో మన విదేశాంగ మంత్రి స్వయంగా వెళ్ళి ఆ అవశేషాన్ని జార్జియాకు అప్పగించారు. అక్కడ ఎవరైనా ముసలావిడ ఎక్కడి నుంచి వచ్చావని అడిగితే కెతెవాన్ పేరు చెప్పి, హైదరాబాద్ అను. ఆ తర్వాత ఆవిడ నిన్ను తొందరగా వదలదు.

కుతాయిసి దగ్గర గెలాతి మఠం వదులుకోకు. దాన్ని 1106లో మొదలుపెట్టిన దావీద్ రాజు సమాధి పాత ద్వారం కింద, నడిచే దారిలోనే ఉంటుంది. లోపలికి వచ్చే ప్రతివాళ్ళూ తనను తొక్కుకుంటూ పోవాలని ఆయన కోరిక. మన గుళ్ళలో గడప ముందు సాష్టాంగపడిన బొమ్మ చెక్కించుకున్న భక్తుల సంగతి నీకు తెలిసిందే. కట్స్‌ఖీ దగ్గర నలభై మీటర్ల రాతి స్తంభం మీద ఒక చర్చి ఉంది, పైకి ఆడవాళ్ళను ఎక్కనివ్వరు. కింద నుంచి చూసి వచ్చెయ్, అక్కడ వాదన పెట్టుకుని రోజు పాడుచేసుకోకు. గెర్గెతి గుడి 2,170 మీటర్ల ఎత్తున కజ్‌బెక్ శిఖరం ఎదురుగా ఉంటుంది. స్తెపన్‌త్స్‌మిందా ఊరి నుంచి నడిచి ఎక్కొచ్చు. కొండ మబ్బులో ఉంటే తెల్లారి చూద్దామనుకునేలా ఒక రోజు ఖాళీ ఉంచుకో. దారిలో గొర్రెల మందలకు కాపలా ఉండే పెద్ద కుక్కలుంటాయి. కాపరి పిలిచేదాకా మందకు దూరంగా ఆగు, పరిగెత్తకు.

గుడి మర్యాదలు కఠినమే. జార్జియాలో తలకు గుడ్డ, మోకాళ్ళు దాటిన స్కర్టు కావాలి. గుమ్మం దగ్గర అరువుకు పెడతారు గానీ నీ చున్నీ నీ దగ్గర ఉంటే హాయి. కుర్చీలుండవు, రెండు గంటలైనా నిలబడే ఉంటారు. కాళ్ళు లాగితే గోడ పక్కకు జరుగు. కొవ్వొత్తి ఎవరైనా వెలిగించవచ్చు. ప్రసాదం వరసలోకి మాత్రం వెళ్ళకు, అది వాళ్ళ దీక్ష పొందినవాళ్ళకే. వాళ్ళు శిలువ గుర్తు వేసుకుంటుంటే చూసి నువ్వూ వేసుకోనక్కర్లేదు. వెనక నిలబడి నీ జపం నువ్వు చేసుకో. ఎవరైనా అడిగితే హిందువునని చెప్పి ఊరుకో, ఉపన్యాసం వద్దు. ఇంకో మాట. అక్కడ ఎవరో గురువు ఎదురై నీ ప్రశ్నకు జవాబు చెబుతాడని ఆశపడకు. సన్యాసులకు వాళ్ళ పనులు వాళ్ళకుంటాయి, నీకు వాళ్ళ భాష రాదు. అదే నయం. ఇక్కడ మనకు మాటలెక్కువై కదా నువ్వు అక్కడికి పోతున్నది.

తిండికి బెంగ వద్దు. అక్కడి క్రైస్తవులు బుధ, శుక్రవారాల్లోనూ పండగల ముందూ మాంసం, పాలు, గుడ్లు లేని ఉపవాసపు తిండి తింటారు. హోటల్లో సమార్ఖ్వో అని అడిగితే తెచ్చిపెడతారు. లోబియో అనే చిక్కుడు గింజల కూర, మ్చాదీ అనే మొక్కజొన్న రొట్టె, అక్రోటు ముద్ద పెట్టిన వంకాయ బాగుంటాయి. లోబియానీ రొట్టెలో మాత్రం కొన్నిచోట్ల పంది మాంసం కలుపుతారు, అడిగి తిను. పెరుగు ఎక్కడైనా దొరుకుతుంది. కంది పొడి పట్టుకెళ్ళు, ఆవకాయ సీసా మాత్రం వద్దు. కారిందంటే నీ బట్టలన్నీ మూడు దేశాల్లోనూ అదే వాసన. భోజనాల దగ్గర వైనూ, చాచా అనే నాటు సారా పట్టుబట్టి పోస్తారు. గుండె మీద చెయ్యి పెట్టి వద్దంటే అర్థం చేసుకుంటారు.

ఆర్మేనియా వాళ్ళు 301లో క్రైస్తవాన్ని రాజ్య మతంగా తీసుకున్నామని, ప్రపంచంలో మొదటివాళ్ళం మేమేనని చెప్పుకుంటారు. ఖోర్ విరాప్ మఠం ఉన్నచోట, ఆ దేశానికి క్రైస్తవం తెచ్చిన గ్రెగరీని రాజు పదమూడేళ్ళు గోతిలో పెట్టాడట. ఎవరో ఒకావిడ రోజూ రొట్టె జారవిడిచి బతికించిందట. నిచ్చెన దిగి ఆ గోతిలోకి వెళ్ళొచ్చు. ఇరుకు పడకపోతే దిగకు. ఎదురుగా అరారత్ కొండ ఆకాశం నిండా కనిపిస్తుంది, అది టర్కీలో ఉంది, మధ్యలో సరిహద్దు. తమ పవిత్ర పర్వతాన్ని రోజూ కళ్ళారా చూస్తూ అక్కడి నుంచి నేరుగా నడిచి చేరలేని జనం వాళ్ళు. ఎరెవాన్‌లో త్సిత్సెర్నకబెర్ద్ స్మారకానికి కూడా వెళ్ళు. 1915 నాటి ఆర్మేనియన్ల మారణహోమంలో చనిపోయినవాళ్ళ కోసం అక్కడ మంట వెలుగుతుంటుంది. పువ్వులు తీసుకెళ్ళు. ఆ తర్వాత ఇంకే గుడీ పెట్టుకోకు ఆ రోజు.

ఆర్మేనియా చర్చికి ముఖ్య పీఠమైన ఎచ్మియాద్జిన్‌లో ఆదివారం ప్రార్థనకు జనం బాగా ఉంటారు. నాకడిగితే పక్కనే ఉన్న హ్రిప్సిమే చర్చి ఇంకా మంచిది. 618 నాటిది, లోపల అలంకారాలు దాదాపు లేవు. గెగార్ద్ కొండ రాయిలో తొలిచిన మఠం. ఒక గదిలో బండలోంచి ఊట వస్తుంది, జనం సీసాల్లో పట్టుకుంటారు. పక్క గదిలో మెల్లగా ఓంకారం అను, రాయి తిరిగి పలుకుతుంది. బయట ఏ కుటుంబమైనా గొర్రెను తెచ్చి, దీవించిన ఉప్పు తినిపించి, కోసి పదిమందికీ పంచడం చూస్తావు. మతాఘ్ అంటారు. మన ఊళ్ళలో జాతరకు యాటను ఇచ్చే ఇంట్లోంచి వచ్చినదానివి, ముక్కు మూసుకోకు. ఆర్మేనియా చర్చి నుంచి బయటికొచ్చేటప్పుడు వీపు చూపకుండా వెనక్కి నడుస్తారు, నువ్వూ అలాగే రా.

తిరిగొచ్చాక మద్రాసులో ఆర్మేనియన్ వీధిలోని చర్చి చూడు. ఆర్మేనియన్ భాషలో మొట్టమొదటి పత్రిక అజ్దరార్ 1794లో అచ్చయింది మద్రాసులోనే. అక్కడ వాళ్ళకు ఈ ముక్క చెబితే టీ డబ్బులు తీసుకోరు.

నాలుగైదు రోజులు పోయాక ఒక మధ్యాహ్నం ఎందుకొచ్చాన్రా దేవుడా అనిపిస్తుంది. ఏ గుడిలోనూ ఏమీ కలగదు. ఆ రోజు ఊరు మారకు, రూములో బట్టలు ఉతుక్కో, నిద్రపో. ఇంటికి ఫోన్ చేసి ఏడవకు, మీ నాన్న రెండో రోజుకి విమానం ఎక్కేస్తాడు. రోజుకొక మెసేజ్ చాలు, ఏ ఊళ్ళో ఉన్నావో, ఏం తిన్నావో. జార్జియా చేతిలో లేని సౌత్ ఒసేటియా, అబ్‌ఖాజియా వైపూ, అజర్‌బైజాన్ సరిహద్దు మీదున్న దావిత్ గరేజా మఠాల దగ్గర సైనికులు ఆపే గట్టు దాటీ అడుగు పెట్టకు. ఇందులో చర్చలు లేవు.

మే చివర గానీ సెప్టెంబరులో గానీ బయలుదేరు. జాబితా సగం చేసి మళ్ళీ పంపు, తేదీలు చూసి నేను మీ నాన్నకు ఫోన్ చేస్తాను.

ఆశీస్సులతో,
అత్తయ్య