ప్రార్థన రావడం లేదంటే విశ్వాసం పోయినట్లేనా?

ప్రశ్న: నా భర్త చనిపోయి ఏడు నెలలైంది. ఆయన మంచాన ఉన్నన్నాళ్లూ ఉపవాసాలుండి ప్రార్థించాను, సంఘమంతా ప్రార్థించింది. ఇప్పుడు మోకరిస్తే నోట మాట రావడం లేదు. నిద్ర లేదు, తిండి సయించదు. ‘నీ విశ్వాసం చాలకే ఇలా జరిగింది’ అని మా ఆడపడుచు అన్నారు. నేను దేవునికి దూరమయ్యానా? ఆ బలం మళ్లీ ఎలా వస్తుంది?

సమాధానం: ముందు మీ ఆడపడుచు మాట సంగతి చూద్దాం, ఎందుకంటే మీ దుఃఖం మీద అదనంగా పడిన బరువు అదే. ‘శరీరంలో ముల్లు’ అని తానే పిలిచిన బాధను తొలగించమని అపొస్తలుడైన పౌలు దేవుణ్ణి మూడుసార్లు వేడుకున్నా అది తొలగలేదు; అతని విశ్వాసం చాలలేదని ఎవరూ అనలేదు, దేవుని కృప చాలునన్న జవాబు మాత్రం వచ్చింది. బైబిలులో అన్నీ పోగొట్టుకుని బాధపడిన యోబు కష్టాలకు అతని తప్పే కారణమని వాదించిన స్నేహితులనే దేవుడు చివరి అధ్యాయంలో మందలించాడు. కాబట్టి ఆ నింద బైబిలు ముందు నిలిచేది కాదు. ఆవిడ కూడా తోబుట్టువును పోగొట్టుకున్న మనిషే కనుక, ఆ మాట ఆవిడ దుఃఖంలోంచే వచ్చి ఉండవచ్చు. అయినా దానిని మీరు మోయనవసరం లేదు.

ఇక మాట రాకపోవడం గురించి. ప్రార్థన అంటే స్తుతి, కృతజ్ఞత మాత్రమేనని మనకు అలవాటైపోయింది. సాక్ష్యాలు చెప్పేటప్పుడు కూడా గెలిచిన కథలే చెబుతాం (ఇది మన సంఘాల్లో నాకు మొదటినుంచీ కొరతగా తోచే విషయం). అయితే బైబిలులోని 150 కీర్తనల్లో మొర, ఫిర్యాదు నిండినవి ఎన్నో ఉన్నాయి. 13వ కీర్తన ‘ఎంతకాలం’ అనే నిలదీతతో మొదలవుతుంది. 88వ కీర్తన అయితే చివరి వరకూ ఓదార్పు లేకుండా, చీకటే తనకు బంధువర్గమైందంటూ ముగుస్తుంది. అయినా దానిని ఎవరూ ఆ గ్రంథంలోంచి తీసివేయలేదు. మీకు సొంత మాటలు దొరకని ఈ రోజుల్లో దానినే మెల్లగా పైకి చదవండి. కోపం వస్తే ఆ కోపాన్నే దేవునితో చెప్పండి. అది కూడా రానినాడు ఊరికే కూర్చోండి. ఎలా ప్రార్థించాలో తెలియనప్పుడు ఉచ్చరింపశక్యం కాని మూలుగులతో పరిశుద్ధాత్మ మన పక్షాన విజ్ఞాపన చేస్తుందని రోమా పత్రిక 8వ అధ్యాయం చెబుతున్నది.

మీరు నిద్ర, తిండి గురించి రాసిన మాటను నేను తేలికగా తీసుకోవడం లేదు. ఏలీయా ప్రవక్త అరణ్యంలో బదరీవృక్షం కింద కూర్చుని, ఇక చాలు, ప్రాణం తీసుకొమ్మని అడిగినప్పుడు దేవదూత అతనికి బోధ చేయలేదు. నిద్రపోనిచ్చాడు, లేపి అప్పమూ నీళ్లూ ఇచ్చాడు, మళ్లీ పడుకోనిచ్చి, మళ్లీ తినమన్నాడు. హోరేబు కొండ మీద దేవుని నిమ్మళమైన స్వరం అతనికి వినిపించింది ఇదంతా జరిగిన తరువాతనే. అందుచేత ఈ వారమే ఒక వైద్యుణ్ణి కలిసి నిద్ర గురించి చెప్పండి. మందు వేసుకోవడం అవిశ్వాసం కాదు. పౌలు ప్రియమైనవాడని పేర్కొన్న లూకా స్వయంగా వైద్యుడే. ఏలీయాకు వచ్చినట్లు చనిపోవాలన్న ఆలోచన మీకూ వస్తున్నట్లయితే మాత్రం వారం దాకా ఆగవద్దు. ఈ రోజే దగ్గరివారికి చెప్పి, వారిని తోడు తీసుకుని వైద్యుని దగ్గరకు వెళ్లండి.

ఒంటరిగా బలం తెచ్చుకోవాలని కూడా ప్రయత్నించవద్దు. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసే ముగ్గురు శిష్యులను వెంట తీసుకెళ్లి తనతో మెలకువగా ఉండమని అడిగాడు. సంఘంలో సలహాలు ఇవ్వకుండా వినగలిగే ఒక్క మనిషిని ఎంచుకుని, వారానికోసారి వచ్చి మీ పక్కన కూర్చుని, మీ బదులు ప్రార్థించమని అడగండి. ఆదివారం ఆరాధనకు వెళ్లాలనిపిస్తే వెనుక వరుసలో కూర్చోండి. పాట గొంతు దాటి రాకపోతే పాడవద్దు, చుట్టూ ఉన్నవారు పాడుతుంటే వినండి. మధ్యలో లేచి రావాలనిపిస్తే, ఎవరికీ సంజాయిషీ ఇవ్వకుండా లేచి ఇంటికి వచ్చేయండి.